తొంభై ఎనిమిది మార్కుల జీవితం

మూడో సంవత్సరం వైద్య విద్యార్థుల్లో ఆ అమ్మాయిని పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ ఆమె గడియారం. రోజును పావుగంట ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకీ ఒక్కో పని అప్పగించి, ఆ పట్టికను మంచం పక్క గోడకు అంటించుకున్న మనిషిని ఇంకేమని పిలుస్తారు? అందులో స్నానానికి అర ముక్క. అమ్మతో ఫోనుకు అర ముక్క. అప్పుడప్పుడు ఈ రెండు అరలూ కలిసిపోయి, అవతల అమ్మ "ఏమిటే ఆ నీళ్ళ చప్పుడు?" అని అడగడమూ జరిగేది.

అమ్మ బట్టలు కుడుతుంది. బస్సులో అరగంట దూరంలో ఇల్లు, ఇంటి ముందు గదిలో మిషను. "తిన్నావా?" అని ఆమె అడిగేది. "తిన్నాను" అని కూతురు చెప్పేది. తిన్నా తినకపోయినా అదే జవాబు. అది నాలుకకు ఎంత అలవాటైపోయిందంటే, ఓ రోజు వార్డులో పెద్ద డాక్టరు "ఆ మూల మంచం రోగిని చూశావా?" అని గద్దిస్తే, గడియారం తొణక్కుండా "తిన్నాను సార్" అంది. వార్డంతా ఒక్క క్షణం ఊపిరి బిగపట్టింది. మూల మంచం రోగి మాత్రం తన కాళ్ళూ చేతులూ ఓసారి తడిమి చూసుకున్నాడట.

ఆమెతో గది పంచుకునే అమ్మాయి పేరు చెంచా. తెల్లకోటు కుడి జేబులో స్టెతస్కోపు, ఎడమ జేబులో చెంచా. ఎక్కడ ఏది దొరికితే అక్కడే నిలబడి రెండు ముద్దలు నోట్లో వేసుకోవడానికి ఆ ఏర్పాటు. ఒకసారి ఎక్స్‌రే గది ముందు నిలబడి తింటూంటే, పాపం ఈమె కూడా ఎక్స్‌రేకే వచ్చిందనుకుని రోగులు జరిగి చోటిచ్చారు.

ఇలా రోజులు పరుగెడుతూంటే, తూకం సారు గడియారాన్ని పిలిపించారు.

తూకం సారు జనారోగ్య విభాగానికి పెద్ద. ఆయన ఎదుట "చాలామంది" అనకూడదు. "చాలామంది అంటే ఎంతమంది?" అంటారు. "కొంచెం తలనొప్పిగా ఉంది సార్" అన్నా ఊరుకోరు, "కొంచెం అంటే పదికి ఎంత?" అంటారు. మనిషి మాత్రం వెన్న. ప్రతి ఏటా ఆయన మూడో సంవత్సరం వాళ్ళకు ఒక ఫారం పంచుతారు. పైన పెద్ద అక్షరాలతో 'మీ జీవితం ఎలా ఉంది?' అని ఉంటుంది. కింద ఇరవై ప్రశ్నలు. నిద్ర సరిపోతోందా, తిండి వేళకు తింటున్నారా, కష్టం చెప్పుకోవడానికి మనిషి ఉన్నాడా, కూర్చుని పని చేసుకునే చోటు సౌకర్యంగా ఉందా, ఇలాంటివి. ఒక్కోదానికి ఐదు మార్కులు, మొత్తం వంద. పేరు రాయనక్కరలేదు.

"ఈసారి పంచడం, పోగు చెయ్యడం, కూడడం అన్నీ నీకే అప్పజెబుతున్నాను. నువ్వైతే టైముకి తెస్తావు" అన్నారు సారు.

పొగడ్తకు పడనివాళ్ళెవరు? గడియారం సరేనంది. పట్టికలో దానికి చోటు లేక, జుట్టు దువ్వుకునే వేళ తీసి దీనికిచ్చింది.

తరగతిలో ఉన్నది నూట యాభై మంది. చేతికి మరికొన్ని ఎక్కువ ఉంటే మంచిదని పది ఫారాలు అదనంగా అచ్చు వేయించి, కట్ట చంకన పెట్టుకుని ఆసుపత్రి అంతా పరుగెత్తింది. హాస్టల్లో కొన్ని, వార్డుల్లో కొన్ని, క్యాంటీన్లో కొన్ని. దారిలో కట్ట రెండుసార్లు చేయి జారింది, ఏరుకుంది. నింపినవి వెయ్యడానికి విభాగం గుమ్మం దగ్గర ఒక అట్టపెట్టె పెట్టింది. వారం తర్వాత విప్పి చూస్తే సరిగ్గా నూట యాభై. లెక్కకు లెక్క సరిపోయిందని పొంగిపోయింది.

మధ్యాహ్నాలు విభాగంలోని కంప్యూటరు ముందు కూర్చుని మార్కులు ఎక్కించసాగింది. అవి జీవితాలో, విరిగిన ఎముకల జాబితాలో తెలియడం లేదు. నిద్ర కింద అందరివీ ఒకట్లూ రెండ్లూ. ఒకతను జవాబు మధ్యలో పెన్ను కాగితం అంచుదాకా ఈడ్చేసి, పక్కన చిన్నగా 'క్షమించాలి, కునుకు పట్టింది' అని రాశాడు. 'చివరిసారి హాయిగా నవ్వింది ఎప్పుడు?' అన్నదానికి ఇంకొకరు 'ప్రశ్న అర్థం కాలేదు' అన్నారు. ఒక ఫారం మీద పులుసు మరక ఉంది. అది ఎవరిదో గడియారానికి వెంటనే తెలిసింది కానీ, చెంచా పరువు కాపాడటానికి తెలియనట్టే ఉంది. మొత్తం మీద సగటు నలభై మూడు.

నూట పన్నెండో ఫారం దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

నిద్ర ఐదు. తిండి ఐదు. స్నేహాలు ఐదు. ఆరోగ్యం ఐదు. కిందికి వెళ్ళేకొద్దీ ఐదు మీద ఐదు. కూర్చునే చోటు దగ్గర మాత్రం మూడు. మొత్తం తొంభై ఎనిమిది! చివర 'ఇంకేమైనా చెప్పాలా?' అన్నచోట ఒకే ఒక్క ముక్క: 'స్టూలు కాలు ఒకటి కురచ.'

గడియారం ఆ కాగితం పట్టుకుని తూకం సారు గదిలోకి పరుగెత్తింది.

సారు కళ్ళజోడు సర్దుకుని చూశారు. "చేతిరాత చూశావా? ముత్యాలు పోసినట్టుంది. వైద్యం చదివేవాళ్ళకి ఇలాంటి రాత మొదటి ఏడాదిలోనే పోతుందే!"

"ఎవరో కనుక్కోనా సార్?"

"తప్పమ్మా. పేరు అక్కర్లేదని చెప్పి రాయించుకున్నాం. అలాంటి కాగితం వెనక మనిషిని వెతక్కూడదు. ఉన్నది ఉన్నట్టు ఎక్కించెయ్."

ఎక్కించేసింది. కానీ మనసు ఊరుకోలేదు. తనూ అదే హాస్టల్లో ఉంటోంది, అదే వార్డుల్లో నిలబడుతోంది, అదే పుస్తకాలు మోస్తోంది. మరి ఈ మహానుభావుడికో మహాతల్లికో తొంభై ఎనిమిది ఎక్కడినుంచి వచ్చాయి? పొద్దున్నే పళ్ళు తోముకుంటూ అదే ఆలోచన. గుండె చప్పుడు వింటూ అదే ఆలోచన.

"అసూయే" అంది చెంచా, గుమ్మంలో నిలబడి ఏదో తింటూ.

"కాదు, శాస్త్రీయ కుతూహలం."

"మా ఇంట్లో దాన్ని అసూయ అనే అంటారు."

సారు వద్దన్నారు కాబట్టి వెతకకూడదు. ఊరికే అందర్నీ పలకరిస్తే వెతికినట్టు కాదు కదా! అలా మనసుకు నచ్చజెప్పుకుని గడియారం పలకరింపులు మొదలుపెట్టింది. మూడేళ్ళుగా పక్క బల్ల మీద కూర్చునే అమ్మాయికి కవల చెల్లెలు ఉందని తెలిసింది. వరసగా అన్ని పరీక్షల్లోనూ ఫస్టు వచ్చే పొడుగబ్బాయి స్వెటర్లు అల్లుతాడని తెలిసింది. రాత చూపించమని అడగలేక, అందర్నీ నోట్సు అడిగింది. ఒక్కరి నోట్సూ చదవడానికి వీల్లేకుండా ఉంది. ముత్యాల జాడే లేదు.

ఇక మిగిలింది స్టూలు. స్టూళ్ళు ఎక్కడుంటాయి? శవాలు కోసి నేర్చుకునే హాల్లో. ఓ రోజు మధ్యాహ్నం భోజనం మానేసి అక్కడికి వెళ్ళి, ఒక్కో స్టూలు మీదా కూర్చుని, అటూ ఇటూ ఊగి చూడటం మొదలుపెట్టింది. ఇరవై మూడో స్టూలు మీద ఊగుతూంటే గుమ్మం దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు.

తాతయ్య.

నిజం తాతయ్య కాదు, ఇరవై అయిదేళ్ళ కుర్రాడే. ఫార్మకాలజీ రెండుసార్లు తప్పి, తన తోటివాళ్ళంతా పై తరగతులకు పోతే, తను వీళ్ళతో మిగిలిపోయాడు. దాంతో ఆ హోదా దక్కింది. ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన నడక. తిండి కూర్చుని నమిలి నమిలి తింటాడు. తొమ్మిదిన్నరకల్లా దీపం ఆర్పేస్తాడు. కాలేజీ మొత్తం మీద నిదానంగా కనిపించే మనిషి అతనొక్కడే. అతన్ని ఇలా ఎదురుగా చూడగానే గడియారం బుర్రలో దీపం వెలిగింది.

"అమ్మాయ్, ఏమిటీ గుర్రపు స్వారీ?" అన్నాడు తాతయ్య.

"తాతయ్యా, తొంభై ఎనిమిది మీదే కదూ? నిజం చెప్పండి."

"ఏమిటి, నా వయసా?"

గడియారం దాచలేకపోయింది. జరిగినదంతా చెప్పింది. తాతయ్య ఒక స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. నవ్వుతాడనుకుంది కానీ నవ్వలేదు.

"నాకొచ్చింది ముప్పై ఏడు" అన్నాడు.

"మీకా? మీరు నిమ్మళంగా కూర్చుని తింటారే!"

"కడుపులో పుండు. నమిలి తినకపోతే మళ్ళీ మంట."

"తొమ్మిదిన్నరకే పడుకుంటారే!"

"బిళ్ళ వేసుకుంటే కళ్ళు తెరిచి ఉంచడం నా తరం కాదు."

"మరి ఆ ఇస్త్రీ చొక్కాలు?"

"ఇస్త్రీ చేస్తున్నంతసేపు 'చదువు ఎంతవరకు వచ్చింది?' అని ఎవరూ అడగరు. అందుకే కొన్ని చొక్కాలు రెండుసార్లు చేస్తాను." చొక్కా చేతులు సర్దుకుని అన్నాడు, "నోటి పరీక్షలో ఎదురుగా కూర్చోగానే నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది. జవాబు తెలుసు. అదిగో, ఇక్కడిదాకా వస్తుంది. బయటికి రాదు. వాళ్ళు పాపం మంచినీళ్ళు కూడా ఇస్తారు. నీళ్ళు లోపలికి పోతాయి, జవాబు మాత్రం రాదు."

తను సుఖమనుకున్నదంతా వైద్యమే అని గడియారానికి తెలిసింది. ఓదార్పు మాటలు ఆమె పట్టికలో ఎప్పుడూ లేవు. చివరికి, "మిగిలిన స్టూళ్ళు మీరు చూస్తారా? నాకు నడుం పట్టేసింది" అంది.

తాతయ్యకు అప్పుడు నవ్వొచ్చింది. ఇద్దరూ కలిసి మిగిలినవన్నీ ఊగి చూశారు. ఆ హాల్లో స్టూళ్ళన్నీ నిక్షేపంగా ఉన్నాయి.

ఆ తర్వాత మూడో రోజు ఆపరేషన్ థియేటర్లో గడియారం నాలుగు గంటలు నిలబడింది. ముందు వరసలో ఉన్నవాళ్ళ భుజాల మీంచి చూడటమే ఆమె పని. పొద్దున్న నోట్లో ఏమీ వేసుకోలేదు. బయటికి రాగానే వరండా గోడలు ఆమె చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి.

"ఏమే, మొహం సున్నం కొట్టినట్టుంది. తిన్నావా?" అంది చెంచా.

"తిన్నాను" అని గోడకు జారబడింది గడియారం.

తాతయ్య ఒక రెక్క, చెంచా ఒక రెక్క పట్టుకుని ఆమెను లిఫ్టులోకి ఎక్కించారు. గడియారం ఆ లిఫ్టు ఎక్కడం మూడేళ్ళలో అదే మొదలు. మెట్ల మీద పరుగెత్తితే నిమిషంన్నర కలిసొస్తుందని ఆమె లెక్క.

ఆ లిఫ్టు నడిపేది లిఫ్టత్త. యాభై దాటిన మనిషి. రోగుల మంచాలు, వాళ్ళ చుట్టాలు, డాక్టర్లు, మందుల బళ్ళు అన్నిటినీ పైకీ కిందికీ చేరవేస్తూ అందరికీ అత్తయిపోయింది. పిల్ల వాలకం చూడగానే లేచి తన స్టూలు జరిపింది.

"కూర్చో తల్లీ, ముందు కూర్చో. డాక్టరమ్మలు మీరే ఇలా పడిపోతే మిగతావాళ్ళ గతేంటి?"

గడియారం కూలబడింది. స్టూలు ఎడమకు ఒరిగి 'టక్' అంది. ఆమె కుడికి సర్దుకుంది. మళ్ళీ 'టక్'.

వాలిపోతున్న కళ్ళు గభాల్న తెరుచుకున్నాయి. "కాలు కురచ!" అని అరిచింది.

"అయ్యో, మతి తప్పుతోంది" అంది చెంచా కంగారుగా. "ఎవరి కాలే?"

"స్టూలు కాలు! తాతయ్యా, స్టూలు కాలు!"

తాతయ్య వంగి చూశాడు. కురచ కాలు కింద మడత పెట్టిన అట్టముక్క ఒకటి పక్కకి జరిగి ఉంది. ముగ్గురూ ఒక్కసారి లిఫ్టత్త వంక తిరిగారు. ఆమె మొహంలో రంగు మారిపోయింది.

"ఆ కాగితం మీదా? నా ఉద్యోగం పోతుందా?" అంది, గొంతు సగానికి తగ్గించి.

లిఫ్టును మధ్యలో ఆపడానికి వీల్లేదు. అందుకని మాటలన్నీ పైకీ కిందికీ తిరుగుతూనే సాగాయి. జరిగింది ఇదీ. మెట్ల దగ్గర గడియారం చేయి జారిన కట్టలోంచి ఒక ఫారం ఎగిరి లిఫ్టు గుమ్మం ముందు పడింది. లిఫ్టత్త తీసి చూస్తే పైన 'మీ జీవితం ఎలా ఉంది?' అని ఉంది.

"ఇన్నేళ్ళలో ఆసుపత్రి వాళ్ళు నన్ను ఆ మాట అడగలేదు. సరే, అడిగారు కదా, రాసి పిల్లలంతా వేస్తున్న పెట్టెలో వేద్దామనుకున్నా. పెన్ను పట్టాక భయమేసింది. అడిగింది ఆఫీసాయె! ఆఫీసుకి ఎవరైనా నిజం చెప్తారా? మోకాళ్ళు నొప్పి అని రాస్తే, నువ్వు ఇంక పనికిరావు పొమ్మంటే? అందుకే అన్నిటికీ ఐదు వేశా. స్టూలు దగ్గర మాత్రం చెయ్యి ఒప్పుకోలేదు. మరీ అంత అబద్ధం ఎలా ఆడను?"

చెంచా తన డబ్బాలోంచి రెండు ముద్దలు గడియారం నోట్లో పెట్టింది. నోరు ఖాళీ కాగానే గడియారం కోటు జేబులోంచి కొత్త ఫారం తీసింది. మిగిలిపోయిన ఫారాలను ఆమె జేబులోనే పెట్టుకుని తిరుగుతోంది మరి.

"ఇది ఆఫీసుకి కాదు అత్తా. నాకు చెప్పు. నిద్ర?"

"నాలుగు. మోకాలు సలిపిన రోజు మూడు."

"తిండి?"

"ఐదు. నా వేళ కాగానే ఇంకో ఆవిడ వస్తుంది. దిగిపోయి కూర్చుని తింటా."

మూడో అంతస్తులో చేతికి కట్టుతో ఎక్కిన పెద్దమనిషి ఒకాయన, "నా నిద్రకి ఒకటి వేసుకోండి" అన్నాడు. ఆయనది లెక్కలోకి రాదంటే నొచ్చుకున్నాడు.

"కష్టం చెప్పుకోవడానికి మనిషి?"

"ముగ్గురు ఆడపడుచులు. చెప్పుకోవడానికి వాళ్ళే, కష్టమూ వాళ్ళే. నాలుగు వెయ్యి."

ఆరు అంతస్తులు నాలుగుసార్లు తిరిగేసరికి ఇరవై ప్రశ్నలూ అయ్యాయి. మోకాళ్ళకు ఒకటి, స్టూలుకు సున్నా. మొత్తం కూడితే డెబ్భై ఒకటి.

తాతయ్య ముక్కున వేలేసుకున్నాడు. "భయం తీసేసినా మన సగటు కంటే ఇరవై ఎనిమిది ఎక్కువ! అత్తా, ఈ లిఫ్టు నడపడం ఎన్నేళ్ళ కోర్సు?"

"నీకు రాదులే నాయనా. ఇందులో పై అంతస్తుకి వెళ్ళాక మళ్ళీ కిందికి రావాలి. మీ డాక్టర్లకి అది గిట్టదు" అంది లిఫ్టత్త.

గడియారం తూకం సారు దగ్గరికి వెళ్ళి తప్పు ఒప్పుకుంది. వెతకొద్దన్నా వెతికానంది. సారు చాలాసేపు, అంటే ఆయన లెక్కలో చెప్పాలంటే నాలుగు నిమిషాలు, మందలించారు. తర్వాత కాగితం మీద ఏదో గీశారు.

"పెట్టెలో నూట యాభై ఉన్నాయి. అందులో ఒకటి మనది కాదు. అంటే మన తరగతిలో ఒకరు ఇవ్వలేదు. ఎవరమ్మా ఆ ఒక్కరు?"

గడియారం నాలుక కరుచుకుంది. ఊరందరికీ పంచి, గుర్తుచేసి, వెంటపడి, అడిగి అడిగి రాయించింది. తను రాయలేదు.

"టైము దొరకలేదు సార్."

"ఇది నింపడానికి ఎనిమిది నిమిషాలు పడుతుందని పైన అచ్చు వేయించింది ఎవరు?"

"నేనే సార్."

సారు పెన్ను మూత తీసి ఇచ్చారు. గడియారం అక్కడే కూర్చుని నింపింది. నిద్ర దగ్గర ఒకటి, తిండి దగ్గర ఒకటి, జంకు లేకుండా వేసేసింది. 'చదువు గురించి కాకుండా తోటివాళ్ళతో మాట్లాడుతున్నారా?' అన్నచోట మాత్రం చాలాసేపు ఆగిపోయింది. సున్నా వెయ్యబోయింది. కవల చెల్లెలు గుర్తొచ్చింది. స్వెటర్లు గుర్తొచ్చాయి. స్టూళ్ళ మీద ఊగిన మధ్యాహ్నం గుర్తొచ్చింది. మూడు వేసింది. ఎనిమిది నిమిషాల ఫారానికి ఆమెకు ముప్పావుగంట పట్టింది. మొత్తం ముప్పై ఎనిమిది.

"సగటు ఎంత మారింది సార్?"

"లిఫ్టత్తది తీసేసి నీది కలిపితే, అర మార్కు కూడా పడలేదు" అన్నారు సారు. ఆ తర్వాత కిటికీ వంక చూస్తూ, "తొమ్మిదేళ్ళుగా ఈ నివేదిక పైకి పంపుతున్నాను. ప్రతి ఏడూ నలభై రెండు, నలభై మూడు. పంపగానే 'అందింది' అని జవాబు వస్తుంది. అంతే" అన్నారు.

"ఈసారి పంపొద్దు సార్. మనమే వెళ్దాం" అంది గడియారం. అన్నాక తనే ఆశ్చర్యపోయింది. అలా వెళ్ళడానికి కనీసం నాలుగు పావుగంటలు పడుతుంది మరి.

ముందు లిఫ్టత్త ఒప్పుకోవాలి కదా. అడిగితే ఆమె కాసేపు ఆలోచించి, "నా మార్కులు చెప్పు, పరవాలేదు. మోకాళ్ళ సంగతి మెల్లిగా చెప్పు. స్టూలు సంగతి గట్టిగా చెప్పు" అంది.

ప్రిన్సిపాల్ మేడం శస్త్రచికిత్స డాక్టరు. ఏ మాటైనా కత్తితో కోసినట్టు రెండు ముక్కల్లో తేల్చేస్తారు. తూకం సారు, గడియారం, చెంచా, తాతయ్య నలుగురూ ఆవిడ బల్ల ముందు నిలబడ్డారు. సారు అంకెలు చదువుతూంటే ఆవిడ సంతకాలు పెడుతూనే ఉన్నారు. సగటు నలభై మూడు అన్నప్పుడు తల ఎత్తలేదు. లిఫ్టు నడిపే ఆమెకు డెబ్భై ఒకటి అన్నప్పుడు కలం ఆగింది.

"ఆమెకి డెబ్భై ఒకటా?"

"స్టూలు కాలు సరిగ్గా ఉంటే ఇంకా పెరిగేది మేడం" అంది గడియారం గట్టిగా.

మేడం పెదవి చివర ఏదో కదిలింది. "నేను చదివేటప్పుడు ఇంతకంటే ఘోరం. మేం చచ్చిపోయామా?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పింది ఎవరనుకున్నారు? తాతయ్య. పెద్దల ఎదుట నాలుక అతుక్కుపోయే తాతయ్య. మొదట మాట రాలేదు. బల్ల మీది నీళ్ళ గ్లాసు వంక చూశాడు, తాగలేదు. తర్వాత మెల్లిగా, "లేదు మేడం. కానీ మీకు అప్పుడు ఈ ఫారం ఇచ్చి ఉంటే, ఎన్ని వేసేవాళ్ళు?" అన్నాడు.

మేడం కలానికి మూత పెట్టారు. చెంచా జేబులో చెంచాను గట్టిగా పట్టుకుంది.

"ఇరవై రెండు" అన్నారు మేడం. "మహా అయితే ఇరవై మూడు. ఏం కావాలి మీకు? ఒక్కటి చెప్పండి."

వాళ్ళు పదకొండు రాసుకొచ్చారు. ఒక్కటే అనేసరికి ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. చివరికి బుధవారం మధ్యాహ్నాలు ఖాళీ కావాలన్నారు. తరగతులు వద్దు, వార్డులు వద్దు. మేడం రెండు ముక్కల్లో తేల్చారు: "మూడు గంటలు. వెళ్ళండి."

స్టూలు బదులు వీపు ఆనే కుర్చీ ఒకటి లిఫ్టులోకి వచ్చింది. దాని ఫైలు కదలడానికి మాత్రం మూడు వారాలు పట్టింది. ఆ కుర్చీతో లిఫ్టులో ఒక మనిషికి చోటు తగ్గిపోయిందని లిఫ్టత్త కొత్త ఫిర్యాదు మొదలుపెట్టింది.

మొదటి బుధవారం వచ్చింది. రెండు గంటలకు గంట కొట్టగానే నూట యాభై మందీ తరగతి బయట వరండాలో నిలబడ్డారు. ఎటు వెళ్ళాలో ఎవరికీ తెలియదు. అలవాటు కొద్దీ ఒకడు పుస్తకం తెరిచాడు. అందరూ కలిసి అరిచేసరికి ఉలిక్కిపడి మూసేశాడు. పొడుగబ్బాయి సిగ్గుపడుతూ సంచిలోంచి ఊలు తీశాడు. చెంచా ఒక బల్ల వెతుక్కుని, కుర్చీ లాక్కుని, డబ్బా ముందు పెట్టుకుని దర్జాగా కూర్చుంది. కూర్చుని తింటే ఇంత రుచిగా ఉంటుందని తెలియదంది. తాతయ్య పొడుగబ్బాయి పక్కన చేరి, మందుల పేర్లు గట్టిగా చెప్పడం మొదలుపెట్టాడు. అది చదువు కిందికి వస్తుందని చెంచా అభ్యంతరం చెప్తే, కాదు, నోటికి వ్యాయామం అన్నాడు.

గడియారం మూడు గంటలను పన్నెండు ముక్కలుగా కొయ్యబోయి, మధ్యలో మానుకుంది. వెళ్ళి బస్సెక్కింది.

ఇంటి తలుపు తట్టేసరికి లోపల మిషను ఆగింది. మెడలో కొలత టేపుతో అమ్మ తలుపు తీసి, కూతుర్ని చూసి కొయ్యబారిపోయింది.

"ఏమైంది? పరీక్ష పోయిందా?"

"లేదమ్మా."

"ఒంట్లో బాలేదా? ఎవరైనా పోయారా? కాలేజీ వాళ్ళు పంపేశారా?"

"ఎవరూ పోలేదు. ఎవరూ పంపలేదు. ఖాళీ దొరికింది, వచ్చాను."

ఖాళీ అన్న మాట కూతురి నోట వినడం అమ్మకు కొత్త. నమ్మినట్టు లేదు కానీ, చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. "తిన్నావా?" అంది.

గడియారం నోరు తెరిచింది. అలవాటైన జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, "లేదమ్మా" అంది.

అమ్మ ఒక్క క్షణం అలాగే చూసింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి వెలిగిన చప్పుడు, గిన్నె పెట్టిన చప్పుడు వినిపించాయి. పళ్ళెం తెచ్చి ఇచ్చి, కూతురు తింటున్నంతసేపు ఎదురుగా కూర్చుంది. తినడం అయ్యాక నిలబెట్టి టేపుతో భుజాలు, నడుం కొలిచింది. తను కుట్టిన తెల్లకోటు పిల్ల మీద వేలాడుతోందని సణిగింది. నడుం దగ్గర రెండు వేళ్ళు తియ్యాలంది. కోటు విప్పించుకుని, గుండుసూదుల పెట్టె తేవడానికి అటు తిరిగింది.

ఇటు తిరిగేసరికి గడియారం కత్తిరింపు బల్ల పక్కన పోగు పెట్టిన గుడ్డల మీద ఒరిగి నిద్రపోతోంది. అందులో సగం గుడ్డలు సాయంత్రానికి కుట్టి ఇవ్వాల్సినవి. అమ్మ వాటిని లాగబోయి మానేసింది. మిషను దగ్గరికి వెళ్ళి కూర్చుంది. తొక్కితే చప్పుడవుతుందని ఊరికే కూర్చుంది. కాసేపటికి కోటు ఒళ్ళో పెట్టుకుని, నడుం కుట్లు విప్పి, చేత్తోనే సూది వెయ్యడం మొదలుపెట్టింది.

నాలుగున్నరకు బట్టల కోసం ఒకావిడ వచ్చి తలుపు తట్టింది. అమ్మ చప్పుడు కాకుండా తలుపు ఓరగా తీసి, పెదవుల మీద వేలు పెట్టింది.

"రేపు రండి. లోపల డాక్టరుగారు ఉన్నారు" అంది గుసగుసగా.

"అయ్యో, ఎవరికి బాలేదు?" అంది ఆవిడ, తనూ గొంతు తగ్గించి.

"డాక్టరుగారికే. ఇప్పుడు పరవాలేదు, నిద్రపోతున్నారు" అని అమ్మ తలుపు వేసేసింది.